ఎనభై సందుల కంచె

టానరీ లోయ, పాటర్ కౌంటీ
ఏప్రిల్ 11, 1982

ఓరిన్ బావగారికి,

ఇవాళ ఈస్టర్. బీట్‌రూట్ పులుసులో ఊరబెట్టిన గుడ్లు డజను చేశాను, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నానన్న సంగతి మరిచిపోయి. నేను తిన్నవి నాలుగు. మిగతా వాటిని చూస్తుంటే మీరు గుర్తొచ్చారు. ఒక్క విడతలో ఎనిమిది లాగించేవారు.

ఈ ఇంటినుంచి మీకు ఉత్తరం వచ్చి తొమ్మిదేళ్ళయింది. అక్టోబర్‌లో మీ తమ్ముడు పోయినప్పుడు మీ పూలు వచ్చాయి, మీరు రాలేదు. ఎందుకు రాలేదని అడగడానికి ఇది రాయడం లేదు. అడగాలనుకుంటే అప్పుడే ఫోన్ చేసి కడిగేసేదాన్ని. నాకు మీతో పని పడింది, అందుకే రాస్తున్నాను.

లైల్ ఎలా పోయాడో మీకు ఎవరు ఎలా చెప్పారో నాకు తెలీదు. పై చేలో ట్రాక్టర్ ముందు చక్రం గ్రౌండ్‌హాగ్ బొరియలో దిగబడి బండి పక్కకి దొర్లింది. తాగి నడిపాడని ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ళ నోట్లో మట్టి కొట్టండి. ఆ చేను ఇప్పుడు జల్లెడలా ఉంది. పెద్ద ఎలుకల్లాంటి ఆ తవ్వుడుగాళ్ళు రాళ్ళ కట్ట కింద కాపురాలు పెట్టి, తిని తిని పిల్లి కంటే లావెక్కారు. కొత్త బొరియ లేని రోజు లేదు.

మన గడ్డి సగం పాలుకి కోసిపెట్టే డెల్మార్ ఫిస్క్ పోయిన వారం వచ్చాడు. టోపీ చేతిలో నలుపుకుంటూ, "వదినా, జూన్ పన్నెండున వచ్చి చేనంతా నడిచి చూస్తా. బొరియలు పూడ్చి, మళ్ళీ కొత్తవి లేకపోతేనే మిషన్ ఎక్కిస్తా. లైల్‌కి అయ్యింది చూశాక నా పెళ్ళాం నన్ను ఆ చేలోకి పంపదు" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేను. కానీ ఆ గడ్డి లేకపోతే ఇరవై రెండు ఆవులూ చలికాలం గట్టెక్కవు, వేలానికి పోతాయి. ఆవులు పోయాక నేనీ కొండ మీద కూర్చుని ఏం చేస్తాను, బొరియలు లెక్కపెట్టుకోనా?

పొగ గుళికలు వేశాను, వాటికి అగరొత్తుల్లా ఉన్నాయి. బోనులు పెట్టాను, నా సొంత పిల్లే పడింది. తుంటి నొప్పితో నేను కొండెక్కేసరికి అన్నీ లోపలికి దూరిపోతాయి. వరండాలో కూర్చుని చూస్తే మాత్రం లోయకి అవతల ఒక్కొక్కటీ రాతి మీదకెక్కి ఎండ కాచుకుంటూ ఉంటుంది. కాబట్టి వరండాలోంచే కొడతాను. లైల్ పెద్ద తుపాకీ ఉంది. తుపాకీ నాకెవరూ నేర్పక్కర్లేదు. పన్నెండో ఏట నా మొదటి జింక పడింది. నాకు తెలియనిదల్లా దూరం.

దూరం కొలిచే మీ గొట్టం దొరికింది. ధాన్యం కొట్లో, మా పెళ్ళినాటి బొంతలో చుట్టి ఉంది. దాంతో దూరం చూడటం ఈ లోయలో మీకు తప్ప ఎవరికీ రాదు. ఎలాగో రాయండి. కొట్టు తలుపు మీద మీ ఇద్దరి పెన్సిల్ రాతలు అలాగే ఉన్నాయి, తేదీ, దూరం, తగిలిందా లేదా. చివరిది 73 సెప్టెంబర్‌ది. దాని పక్కన ఇంకేదో ఉంది గానీ వెలుతురు చాలక చదవలేదు.

మీ మరదలు,
ఆర్విల్లా


ఈరీ
ఏప్రిల్ 16, 1982

ఆర్విల్లా,

ఎనిమిది కాదు, తొమ్మిది గుడ్లు.

ఆ గొట్టాన్ని మళ్ళీ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. నువ్వు ముట్టమనలేదు, చెప్పమన్నావు. చెబుతాను. లైల్ గురించి ఏమీ రాయను. నాకు చేతకాదు.

అది బ్రిటిష్ సైన్యం వాడి పారేసిన సరుకు. నేను సైన్యంలో వాడిందీ అలాంటిదే కాబట్టి దాని పెంకితనం నాకు తెలుసు. మీటరు పొడవు. రెండు చివర్లా రెండు కిటికీలు. మధ్యలో కన్ను పెట్టే చోట ఒకటే. చూస్తే బొమ్మ అడ్డంగా కోసినట్టు, పై సగం ఒకచోటా కింది సగం పక్కకి జరిగీ కనిపిస్తుంది. నీ కుడిచేతి కింద చక్రం తిప్పుతుంటే కింది సగం జరుగుతూ వచ్చి పై సగం కింద సరిగ్గా కూర్చుంటుంది. అప్పుడు చిన్న కిటికీలో ఉన్న అంకె చదువు. అన్ని గజాలు.

జంతువుని చూసి కలపకు. అది గుండ్రంగా ఉంటుంది, కన్ను మోసపోతుంది. దాని పక్కన ఎండిన చెట్టు మానో, గుంజో, నిటారుగా ఉన్నది చూసుకో. చక్రాన్ని ఎప్పుడూ ఒకవైపు నుంచే తీసుకురా. దాటిపోతే మళ్ళీ మొదటికి వెళ్ళు. మూడుసార్లు చూసి మధ్య అంకె తీసుకో. అంకె తెలిశాక తుపాకీ దుర్బీన్ ఎన్ని టిక్కులు పైకి తిప్పాలో లైల్ చీటీ ఉంటుంది, తుపాకీ మడమకి అంటించి.

ముందుగా ఇంకో పని. అది అన్నేళ్ళు కదలకుండా ఉంది కాబట్టి సరిచేసుకోవాలి. కొట్టు పక్కన మొదటి గుంజ దగ్గర నిలబెట్టు. నాన్న కంచె తిన్నగా దిగి, వాగు దాటి, తెల్ల మూలగుంజ దాకా వెళుతుంది. ఎనభై సందులు. సందుకి పదహారున్నర అడుగులు. నీకు తెలియనిది కాదు, ఈ లోయలో దస్తావేజులు కూడా ఆ లెక్కనే రాసుకున్నారు. మొత్తం నాలుగువందల నలభై గజాలు. చక్రం 440 మీద పెట్టి, ఎడమవైపు చిన్న మరని తిప్పుతూ మూలగుంజ రెండు సగాలూ కలిసేలా చెయ్యి. ఇక దాన్ని కదపకు.

తలుపు మీద రాతలు చదవాల్సిన అవసరం లేదు.

ఓరిన్


టానరీ లోయ
మే 2, 1982

బావగారూ,

మీ ఉత్తరం పిండిడబ్బా మూతకి అతికించాను. బక్వీట్ అట్లు పోస్తూ బట్టీ పట్టాను. మొదటి రెండు రోజులు రెండు సగాలూ కలపలేక తల ప్రాణం తోకకి వచ్చింది. మూడో రోజు మూలగుంజ సగాలు టక్కున ఒకటయ్యాయి. అరిచాను. ఆవులు తలెత్తి చూశాయి.

కింది గట్టు మీద ఉన్నవి ఏడు కొట్టాను. నాలుగువందల గజాల లోపువి. ఏడింటికీ ఏడు గుళ్ళు, ఒక్కటీ వృథా పోలేదు. లైల్ ఉంటే నా భుజం మీద చెయ్యేసి ఏమీ అనకుండా నిలబడేవాడు. మెచ్చుకోవడం అంటే అతనికి అంతే కదా.

కానీ అసలు ముఠా పైన ఉంది. ఆరువందల గజాలు దాటి, రాళ్ళ కట్ట మీద. వాటికి తొమ్మిది గుళ్ళు పేల్చాను, తొమ్మిదీ పోయాయి. అందులో ఒక ముసలాడున్నాడు, బావగారూ. ట్రాక్టర్ పడిన చోటుకి సరిగ్గా పైన, పలకరాయి మీద కూర్చుంటాడు. పొద్దున ఎనిమిదికి వస్తాడు, పోస్టు బండి వచ్చేదాకా ఉంటాడు. గొట్టంలో వాడికి 662 వస్తోంది, మూడుసార్లు చూసినా, పదిసార్లు చూసినా. నేను కొడితే చెవి కూడా కదపడు. నిమ్మకి నీరెత్తినట్టు కూర్చుంటాడు.

ఏం తప్పు చేస్తున్నానో చెప్పండి. చీటీ ప్రకారమే టిక్కులు తిప్పాను. డెల్మార్ రావడానికి ఆరు వారాలు కూడా లేదు.

ఆర్విల్లా


ఈరీ
మే 7, 1982

ఆర్విల్లా,

దగ్గరవి తగిలి దూరంవి పోతున్నాయంటే చూసే మనిషిలో లోపం. గొట్టం అబద్ధం చెప్పదు. కలిసింది అనుకుని సగంలో ఆపేస్తున్నావు. దగ్గర దూరాల్లో ఆ తేడా తెలియదు, దూరం పోయేకొద్దీ ముంచుతుంది.

గొట్టానికి ఒకవైపే ఎండ తగులుతోందేమో చూడు. ఒక చివర వేడెక్కితే లోపల అంతా వంగుతుంది. అరగంట నీడలో ఉంచి అప్పుడు చూడు.

ఇంకోటి. కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఈ వయసులో కంట్లో పొర మొదలవుతుంది, మనకి తెలియదు. అంతా బాగానే కనిపిస్తోందనుకుంటాం. సిగ్గుపడి దాచుకోకు. పది మందిలో మాట పడేదాకా తెచ్చుకోకు.

ఓరిన్


టానరీ లోయ
మే 15, 1982

బావగారూ,

మీ ఉత్తరం చదివి కడుపు మండింది. అయినా చెప్పినట్టే చేశాను. గొట్టానికి నీడగా లైల్ వానకోటు కట్టాను. ఒక పూట పని మానుకుని టౌన్‌కి వెళ్ళి కళ్ళు చూపించుకున్నాను. డాక్టర్ గోడమీది అక్షరాలు చివరి వరస దాకా చదివించి, "ఆర్విల్లా, ఈ కళ్ళతో ఇక్కడికెందుకొచ్చావు, గద్దకి అద్దెకిస్తావా?" అన్నాడు. కాబట్టి ఆ సంగతి వదిలేయండి.

నేను చూసింది రాస్తాను, ఆలోచించండి. రాళ్ళ కట్ట వెనక చెర్రీ చెట్లున్నాయి కదా. పెద్ద దుర్బీన్‌తో వాటి బెరడు గంట సేపు వెతికాను. నా గుళ్ళ గుర్తులు దొరికాయి. అన్నీ పైనే. ముసలాడి తలమీంచి మూరెడు లోపు, ఒకదాని పక్కన ఒకటి. ఒక్కటి కూడా కిందకి పోలేదు. నా చెయ్యి వణికితే ఒకటి పైకీ ఒకటి కిందకీ పోవాలి. కన్ను చెడితే ఒకసారి 640, ఒకసారి 680 రావాలి. ఇలా అన్నీ ఒకేచోటికి, ఒకే ఎత్తులో పోతున్నాయంటే నేను సరిగ్గా కొడుతున్నాననే. గొట్టం చెబుతున్న దూరమే ఎక్కువ.

గొట్టం అబద్ధం చెప్పదన్నారు. సరే, దానికి మనం ఏదైనా అబద్ధం చెప్పామేమో! ఇంతకంటే ఇప్పుడు నాకు తోచడం లేదు. కానీ నేను వదలను. నాలుగు వారాలుంది. మిమ్మల్నీ వదలను.

ఆర్విల్లా


టానరీ లోయ
మే 24, 1982

బావగారూ,

ఈ ఉత్తరం నాలుగు రోజుల కింద రాసి చింపేశాను. మళ్ళీ రాసి మళ్ళీ చింపాను. ఇది మూడోది, ఇది పోస్టు చేస్తాను.

అన్నీ సరిచూసుకున్నాక సరిచూడనిది ఒక్కటే మిగిలింది, మావగారి కంచె. గురువారం కొలత టేపు తీసుకుని మొదటి గుంజ దగ్గర మొదలుపెట్టాను. పదహారున్నర, పదహారున్నర, పదహారున్నర. మావగారు ఆ ఓక్ కర్రతో కొలిచి పాతిన గుంజలు వేలెడు కూడా తేడా లేవు. తుంటి పట్టేసినప్పుడల్లా గుంజకి ఆనుకుని, మళ్ళీ నడిచాను. వాగు దగ్గర పల్లంలోకి దిగాను. టేపు పరిచాను. పదిహేను. మళ్ళీ చూశాను. పదిహేనే. టేపు చూడకముందే నా చేతులకి తెలిసిపోయింది బావగారూ.

72 జూన్ వరద మీకు గుర్తుంది. నేలమాళిగలో మీ గొట్టం పెట్టె తేలింది కదా. ఆ వరదకే వాగు దగ్గర నుంచి మూలగుంజతో సహా కంచె కొట్టుకుపోయింది. లైల్ అప్పుడు న్యుమోనియాతో ఆస్పత్రిలో ఉన్నాడు. మీరు వారం వారం గాజు ఫ్యాక్టరీకి పోయి ఆదివారాలు వచ్చేవారు. ఆవులు పక్కవాళ్ళ మొక్కజొన్నలో పడుతుంటే నేనే ఒక్కదాన్ని పారతో గుంతలు తీసి గుంజలు పాతాను. మావగారి కొలకర్ర వరదలో పోయింది. నేను గడ్డిబండిని ఈడ్చుకొచ్చి నిలబెట్టి, బండి ఈ చివర ఒక గుంజ, ఆ చివర ఒక గుంజ వేసుకుంటూ పోయాను. బండి పొడవు పదిహేను అడుగులు. నేల మెత్తగా ఉంది, దగ్గరగా ఉంటేనే మంచిదనుకున్నాను. లైల్ ఇంటికొచ్చి చూసి, "గట్టి కంచె" అన్నాడు. నాకు ఆ ఏడాదంతా ఆ మాట సరిపోయింది.

కొత్తగా పాతిన మూలగుంజ దాకా ఇరవై సందులు. సందుకి అడుగున్నర తక్కువ. మొత్తం ముప్పై అడుగులు, పది గజాలు. మూలగుంజ నాలుగువందల నలభై గజాల్లో లేదు. నాలుగువందల ముప్పైలో ఉంది. 73 వసంతంలో మీరిద్దరూ వరదలో తడిసిన గొట్టాన్ని ఆ కంచె చూసే సరిచేశారు. ఈ ఏప్రిల్‌లో నేను మళ్ళీ అదే చేశాను.

ఆ సెప్టెంబర్ తుపాకీ పందెం నాకు గుర్తుంది. మీరు గొట్టంలో దూరం చూసి చెప్పారు, లైల్ కొట్టాడు. మూడు గుర్తులు, ఒక్కో గుర్తుకి ఒక్కటే గుండు, మూడూ పైనుంచి పోయాయి. అక్కడ హాల్లో అందరి ముందూ లైల్ అన్నమాటా గుర్తుంది. తలుపు మీద ఏముందో వెలుతురు చాలక చదవలేదని రాశాను. అబద్ధం. మొదటి రోజే చదివాను. ఇలా ఉంది: "సెప్టెంబర్ 1, 1973. మూడూ పైన పోయాయి. అన్న కళ్ళు."

మీ కళ్ళు కాదు. నా గడ్డిబండి. తొమ్మిదేళ్ళు అన్నదమ్ముల్ని విడదీసింది నేను పాతిన ఇరవై గుంజలు. ఒకడు ఈ సంగతి తెలియకుండానే పోయాడు. ఇంకొకరికి నేను ఉత్తరంలో చెబుతున్నాను. నాకు చాలా సిగ్గుగా ఉంది, చాలా బాధగా ఉంది. ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మీరు జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను. కానీ గొట్టాన్ని ఇప్పుడు ఎలా సరిచేయాలో ఆ ఒక్క ముక్క కార్డు మీదైనా రాయండి. పంతొమ్మిది రోజులే ఉంది.

ఆర్విల్లా


ఈరీ
మే 27, 1982

అమ్మాయ్ ఆర్విల్లా,

నీ ఉత్తరం పొయ్యిలో పడేయబోయాను. అరగంట నీ మీద కోపం. తర్వాత లైల్ మీద, తర్వాత నాన్న మీద. సాయంత్రానికి తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. దానికి కారణం రాస్తాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ పందేనికి వారం ముందు నేను టౌన్‌లో కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. కుడి కంట్లో శుక్లం మొదలైందన్నాడు. ఎవరికీ చెప్పలేదు. గొట్టం చూడకుండా నన్ను పక్కన కూర్చోబెడతారేమోనని భయం. కాబట్టి హాల్లో లైల్ "మా అన్న కళ్ళు పోయాయి, వాణ్ణి నమ్ముకుని నేను కొట్టాను" అన్నప్పుడు లేచి బయటికి వచ్చేశాను. అది అబద్ధం అనుకుని ఉంటే వాణ్ణి అక్కడే చావబాదేవాణ్ణి. నిజం అనుకున్నాను కాబట్టే ఏమీ అనకుండా బస్సెక్కాను. చావుకి రాకపోవడానికీ అదే కారణం. శవపెట్టె మోసేవాళ్ళలో అన్న ముందుండాలి. ఈ కంటితో చర్చి మెట్ల మీద తడబడితే, వాడి మాటే నిజమని అందరూ తలకాయలు ఊపేవారు. తమ్ముణ్ణి సాగనంపడం కంటే నాకది పెద్దదయిపోయింది. నా వెధవతనం.

ఇక నీ గుంజల సంగతి. సైన్యంలో మాకు నేర్పింది కంచెలు చూసి సరిచేయమని కాదు. మేం ఇద్దరం నాన్న కంచెని ఎందుకు నమ్మాం? నాన్న పాతాడు కాబట్టి. దాన్ని కొలవడమంటే నాన్నని అనుమానించినట్టే అనిపించింది. పదహారున్నర అంటే పదహారున్నరే అని ఈ లోయంతా అనుకునే మాటని మేమూ అనుకున్నాం. ఇరవై గుంజలు ఒంటి చేత్తో పాతిన మనిషి ఎదురుగా ఉంటే, "అమ్మాయ్, ఎంతెంత దూరంలో పాతావు?" అని ఇద్దరిలో ఒక్కడైనా అడిగాడా? కాఫీ పొయ్యమన్నాం. నువ్వు సిగ్గుపడకు.

ఇప్పుడు చెప్పింది చెయ్యి. కంచెని వదిలేయ్. ఎవరూ జరపలేనిదాన్ని చూసి సరిచేయాలి. ఈ వారం సగం చంద్రుడు మధ్యాహ్నం పూటే తూర్పున లేస్తున్నాడు, వెలుగులో తెల్లగా కనిపిస్తాడు. గొట్టం నీడలో పెట్టు. చక్రాన్ని చివరి దాకా తిప్పితే అంకెలు అయిపోయి, పడుకోబెట్టిన ఎనిమిది లాంటి గుర్తు వస్తుంది. అంటే అంతులేని దూరం. అక్కడ ఆపి, చంద్రుడి గుండ్రటి అంచు చూడు. రెండు సగాలూ కలవకపోతే చిన్న మర తిప్పి కలుపు. కలిశాక మర మీద మైనం పొయ్యి. నాన్న వచ్చినా, నేను వచ్చినా దాన్ని తాకనివ్వకు.

తర్వాత ముసలాణ్ణి చూడు. 640 దగ్గర వస్తుందని నా లెక్క. కాయితం మీద వేశాను, ఎడమ కంటితో. అది బాగానే ఉంది.

ఓరిన్


టానరీ లోయ
జూన్ 13, 1982

బావగారూ,

640. ఒక్క గజం అటూ ఇటూ లేదు. మీ ఎడమ కంటికి దండం.

శనివారం మీ ఉత్తరం వచ్చిన పూటే చంద్రుడు డెల్మార్ వాళ్ళ కొట్టం మీదుగా లేచాడు. సగాలు వెంట్రుకవాసి కాదు, వేలెడు తప్పి ఉన్నాయి. కలిపి మైనం పోశాను. మర్నాడు ఆదివారమని ఆగి, సోమవారం సైనికుల సమాధుల మీద జెండాలు పెట్టి వచ్చి, మంగళవారం పొద్దున మొదలుపెట్టాను. మొదటి గుండు, మొదటి జంతువు. రెండో గుండు, రెండోది. తొమ్మిది రోజుల్లో రాళ్ళ కట్ట మీద పదకొండు. రెండే గుళ్ళు గాలికి పోయాయి, అవి నా తొందర.

ముసలాణ్ణి కావాలనే ఆఖరికి ఉంచానని మీరనుకుంటారు. కాదు, వాడే రాలేదు. చుట్టూ జనం తగ్గేసరికి నాలుగు రోజులు తల బయటపెట్టలేదు. నేను ప్రతి పొద్దునా ఆవుల పని కాగానే ఇసుక సంచుల మీద తుపాకీ పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదో తారీఖున ఎనిమిదింటికి ఆ పలకరాయి మీదకొచ్చి రెండు కాళ్ళ మీద నిలబడ్డాడు. మూడుసార్లు చూశాను, మీరు చెప్పినట్టే, పక్కనున్న ఎండుమోడుని చూసి. మూడుసార్లూ 640. టిక్కులు తిప్పాను. ఊపిరి సగం వదిలి ఆగాను. మోత లోయ అవతలికి పోయి తిరిగొచ్చేసరికి పలకరాయి ఖాళీగా ఉంది.

తర్వాత అక్కడే కూర్చుని ఏడ్చాను. జంతువు కోసం కాదు. దాని పని అది చేసుకుంది, దానికి లైల్ ఎవరో తెలీదు. అక్టోబర్ నుంచి నాకు ఏడవడానికి తీరిక దొరకలేదు, అంతే.

రెండు రోజులు మా చెల్లెలూ నేనూ రాళ్ళతో బొరియలు పూడ్చాం. నిన్న డెల్మార్ వచ్చాడు. చేతిలో కర్రతో ప్రతి అడుగూ పొడుచుకుంటూ చేనంతా నడిచాడు. నేను గట్టు మీద నిలబడ్డాను. గంటన్నర. ట్రాక్టర్ పడిన చోట ఆగి టోపీ తీశాడు. తిరిగొచ్చి, "మంగళవారం ఎండ కాస్తుందట వదినా, కోత మొదలుపెడతా" అన్నాడు. "కాఫీ తాగి పో" అన్నాను.

ఆవులు ఇరవై రెండూ ఇక్కడే ఉంటాయి.

ఇంకొక్క మాట. తలుపు మీద లైల్ రాసింది పెన్సిల్ రాత. చెరిపితే పోతుంది. రబ్బరు చేతిలో పట్టుకుని రెండుసార్లు వెళ్ళాను, చెరపలేకపోయాను. అతని చేతిరాత ఈ ఇంట్లో ఎక్కువ మిగల్లేదు. అది నిజం కాదని తెలిసీ అలా ఉంచడమూ కష్టంగా ఉంది. అది మీ గురించిన రాత, మీరే వచ్చి ఏం చేయాలో తేల్చండి.

ఆర్విల్లా


ఈరీ
జూన్ 17, 1982

అమ్మాయ్,

బుధవారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. రెండో కోతకి డెల్మార్‌కి మనిషి కావాలేమో అడుగు. ట్రాక్టర్ నడపను, గడ్డి మోపులు ఎత్తగలను. ముందు సమాధి దగ్గరికి తీసుకెళ్ళు, తర్వాతే ఇల్లు.

గుడ్లు ఊరబెట్టు. తొమ్మిది.

ఓరిన్


టానరీ లోయ
జూలై 20, 1982

బావగారూ,

మీ గొడుగు ఇక్కడే మరిచిపోయారు. పంపను, వచ్చి తీసుకెళ్ళండి. ఆ కంటికి ఆపరేషన్ చేయించుకుంటానన్నారు, తారీఖు రాయండి. రాయకపోతే నేనే బస్సెక్కి వచ్చి మిమ్మల్ని చెవి పట్టుకుని తీసుకెళతాను.

రెండో కోత ఎండింది. కొట్టం నిండింది. మీరెళ్ళిన మర్నాడు ధాన్యం కొట్లోకి కోళ్ళ మేత కోసం వెళ్ళాను. ఆదివారం నేను పాలు పితుకుతుంటే మీరు కనిపించకుండా పోయారు. వాగు దగ్గరికి నడిచానన్నారు. ఎక్కడికి వెళ్ళారో ఇప్పుడు తెలిసింది.

లైల్ రాసింది మీరు చెరపలేదు. దాని మీద ఒక గీత కూడా పెట్టలేదు. సరిగ్గా కిందనే, ఒంటికంటి మనిషి వంకర అక్షరాలతో ఇలా రాశారు: "కళ్ళు కాదు, తమ్ముడూ. కంచె. కానీ గట్టి కంచె. పదేళ్ళలో ఒక్క ఆవు దాటలేదు."

మేత డబ్బా పక్కన పెట్టి బస్తా మీద కూర్చున్నాను. కోళ్ళు బయట గోలపెట్టాయి. కాసేపటికి లేచి, మేకుకి దారంతో వేలాడుతున్న ఆ పెన్సిల్ తీసుకుని, మీ రాత కింద తేదీ వేసి, 640 అని రాసి, తగిలిందని రాశాను. పక్కన మన ముగ్గురి పేర్లూ రాశాను.

ఆర్విల్లా